త్రాటిలోని వదులు

సోమందేపల్లె ప్రాంతమున వానను నమ్మరాదు గాని చింతను నమ్మవచ్చును. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురపు మెట్టలో, వేరుసెనగ యెండిన యేటను చింత పచ్చగానే నిలిచి హిందూపురపు మార్కెట్టుకు పండు నిచ్చును. 2022లో మా మండలము శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. చెట్టెక్కు విధము మాత్రము మాఱలేదు. కూలివాడు ఏ యాధారమును లేక యెక్కి, ఒకచేత కొమ్మను, ఒకచేత గడను బట్టి దులుపును. క్రింద ఆడువారు పండు నేఱుదురు. కాలు జాఱెనా, వాని నడుముతోపాటు వాని సంసారమును విఱుగును. చారు లేని పూట యెఱుగని మన యిండ్లలో ఈ యపాయమును పండు ధరలో లెక్కించువారు లేరు.

తాటిచెట్లెక్కు గీతకార్మికులకు మోకు కలదు. తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో వారికి ‘కాటమయ్య రక్షణ కవచము’ను పంచ నారంభించినది. అది మెచ్చదగిన పని. కాని తాడిమ్రాను నిట్టనిలువు కంబము. చింత యడుగడుగున చీలును. మానును చుట్టిన మోకు మొదటి పంగకడనే నిలిచిపోవును. కనుక మా గట్టుమీది చింతలకు వేఱొక సాధనమును వెదకవలసివచ్చినది.

చింతకు తగిన పద్ధతి యిది. పైనున్న బలమైన పంగమీదుగా త్రాడు వేసి, ఒక కొనను నడుముపట్టెకు గట్టి, రెండవ పాయను పట్టెకు తగిలించిన పట్టుముడిగుండ నడపవలెను. 1931లో ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ ప్రకటించిన ముడి యీ జాతిది: బరువు పడిన బిగియును, తీసిన జరుగును. అయితే మనిషి ఒక మీటరెక్కిన రెండు మీటర్ల త్రాడు ముడిలోనుండి లాగవలెను. లాగక రెండు మీటర్లెక్కి జాఱినచో, ఆ రెండు మీటర్లును పడిన పిదపనే త్రాడు పట్టును; అప్పటికి వేగము గంటకు 22 కిలోమీటర్లు దాటును. సాగని త్రాడు దాని నొక్క కుదుపుతో నాపును. త్రాడున్నను వదులున్నచో రక్షణ సగమే.

ఈ వదులును తీయు సాధనములు మూడు విధములు. ముడి యొక్కటే యైన చౌక. కాని ఒకచేయి త్రాటిని లాగగా, రెండవచేయి ముడిని నెట్టవలెను. ముడిక్రింద చిన్న కప్పీ నమర్చినచో, త్రాటిని లాగినంతనే కప్పీ ముడిని పైకి నెట్టును, ఒకచేయి చాలును. మూడవది లోహయంత్రము. అది మిక్కిలి నునుపుగా జరుగును. కాని వెల యెక్కువ, చెప్పిన లావు త్రాడే దానికి సరిపడును, చెడిన బాగుచేయువారు పల్లెలో దొరకరు.

ముప్పదియేండ్లుగా చెట్లు దులుపు నొక పనివానిని, శిక్షణ యిచ్చు నేర్పరిని పిలిపించి, మోకాలియెత్తున వ్రేలాడి మూడింటిని చూడుమంటిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. పిదప కప్పీని వ్రేలితో త్రిప్పుచు, “ఇది చాలు సామీ. ముడి నా కంటికి కనపడతాంది. నలిగితే నాకే తెలుస్తాది. ఆ యినుప పెట్టెలో ఏముందో నాకేం తెలుసు?” అనెను. ఒకచేయి గడకు మిగులుటయు, చూచిన మాత్రమున లోపము తెలియుటయు—ఈ రెండును చాల విలువగల కారణములని మాకు తోచినది.

అంతలో అతని భార్య, “తాడు మీ ఇంట్లో పెట్టుకుంటే, రేపు ఇంకొకరి చెట్టు ఎక్కేటప్పుడు మాకేది సామీ?” అని యడిగినది. ఆ ప్రశ్నతో తక్కిన చర్చ ముగిసినది. మా చెట్లు నాలుగు, అతడెక్కునవి నూఱు. సాధనము చెట్టు గలవాని సొత్తైనచో మన చెట్టుక్రింద మాత్రమే ప్రాణమునకు విలువ యున్నట్లగును. మనిషి బరువునకై నేసిన త్రాడు, పట్టె, ముడిత్రాడు, దానికి సరిపడు కప్పీ—అన్నియు కొని, కూలిలో పైసయైన కోయక, అతని చేతికే యిచ్చితిమి.

చెట్లుగల గృహస్థులు ఈ విషయమున రెండు నియమములు పాటింతురుగాక. బావిత్రాటితో మనిషి నెక్కింపరాదు. నేర్పరికడ నేర్వక, నేలకడ వ్రేలాడి చూడక, కొత్త సాధనముతో పైకి పంపరాదు. ఇక నేది కొనవలయునన్న తీర్పు, దానిమీద వ్రేలాడువానిది. వెల మాత్రము మనది.