కాల్గరీ నగరమందలి నాదయంత్రము

కెనడాదేశమున ఆల్బర్టా రాష్ట్రమందలి కాల్గరీ నగరములో, బో, ఎల్బో యను రెండు నదులు కలియు తావునకు చేరువను స్టూడియో బెల్ అను గొప్ప సౌధము కలదు. జాతీయ సంగీత కేంద్రమువారు దీనిని 2016వ సంవత్సరమున తెరచిరి. మెరుగుపెట్టిన మట్టిపలకలతో కప్పబడిన దాని గోడలు ఎండలో మిలమిల మెరయుచుండును. మే మా నగరమునకు పోయినపుడు ముఖ్యముగా చూడగోరినది అందలి ‘టాంటో’ యను నాదయంత్రము.

సోదరీమణులారా! వాద్యమనగానే వీణయో, ఫిడేలో, హార్మోనియమో మన తలపునకు వచ్చును. ఇది యట్టిది కాదు. మనిషియెత్తు చెక్కబీరువాలు అర్ధచంద్రాకారముగా నిలిచియుండును. వాని ముఖమునిండ వీణబిరడలవంటి త్రిప్పుడుమరలును, మీటలును, వ్రేలాడు తీగెలును కనబడును. వాయించువాడు వాని నడుమ నుండును. లోని భాగములలో ఒకటి విద్యుచ్ఛక్తిచే నాదమును పుట్టించును. ఒకటి జల్లెడవలె దానిని వడగట్టును. వేరొకటి హెచ్చుతగ్గుల నేర్పరచును. భాగమును భాగమును తీగెతో కలిపిననేగాని స్వరము పలుకదు. ఇట్టి విడిభాగముల కూర్పును మాడ్యులర్ సింథసైజర్ అందురు.

మాల్కమ్ సెసిల్, రాబర్ట్ మార్గులెఫ్ అను నిరువురు మోగ్ కంపెనీవారి యంత్రముతో మొదలిడి, ఇతర కంపెనీల యంత్రములను చేర్చి దీనిని పెంచిరి. అంధగాయకుడైన స్టీవీ వండర్ 1972లో ‘టాకింగ్ బుక్’, 1973లో ‘ఇన్నర్‌విజన్స్’ అను గానసంపుటముల నీ యంత్రసహాయముననే వెలువరించెను. 2013లో సంగీత కేంద్రమువా రీ యంత్రమును సంపాదించిరి.

అప్పటికది పాతబడినది. మన వీణకు వేసవి వేడిచే మైనము మెత్తబడి మెట్లు కదలినచో మేళము కట్టువానిని పిలుతుము గదా! దీనికిని అట్టి బాధలే. వేడి మారిన శ్రుతి చెడును. వోల్టు ఒకటి పెరిగిన స్వర మొక స్థాయి పైకి పోవలెను. రవంత తేడా వచ్చినను అపస్వరమే. త్రిప్పుడుమరలలో దుమ్ము చేరిన బరబర మ్రోయును. విద్యుత్తును నిలువజేయు కెపాసిటర్లలోని తడి ఏండ్లు గడచిన నారిపోవును. మాటు విడిచిన యతుకులను వెదకి మరల మాటువేయవలెను. అన్నిటికంటె ముందు విద్యుత్తు నందించు భాగమును పరీక్షింపవలెను. అది చెడియుండగా మీట నొక్కినచో మిగిలిన భాగములకును చేటు. ఇంతేకాక, ఒక కంపెనీ యంత్రము ఇచ్చు సంకేతము మరియొకదానికి తెలియదు. వానిని కలుపుటకై సెసిల్ తానే కొన్ని భాగములను కల్పించుకొనెను. అట్టివాని మరమ్మతునకు కంపెనీల పుస్తకములు చాలవు.

ఈ కార్యమును జాన్ లైమ్‌సైడర్ అను నిపుణుడు ఏండ్లతరబడి ఓపికతో నెరవేర్చెను. 2018లో ఆయన కాలధర్మము నొందెను. 2021లో సెసిలును గతించెను. అయినను యంత్రము మూగపోలేదు. వాద్యములు అద్దపుబీరువాలలో బొమ్మలై యుండక, గాయకుల చేతులలో పలుకవలెననియే ఆ కేంద్రమువారి యుద్దేశము. వాయించుచుండిననే లోపము బయటపడును. లోపము బయటపడిననే దిద్దుట సాధ్యమగును.

మే మా బీరువాల యెదుట నిలిచి, మన యిండ్ల మూలల గవిసెనలలో నున్న వీణలను తలచుకొంటిమి. మేళము కట్టు విద్య యెరిగిన పెద్దలు ఊరికొక్కరైన నున్నారో లేదో! ఉన్నచోట మన బిడ్డలను వారియొద్దకు పంపి, ఆ పనిని కన్నులార చూపించుద మని మా విన్నపము.