ముందు మనసులో నాలుగడుగులు

పెద్దవాళ్లున్న ఇంట్లో అర్ధరాత్రి ‘దబ్’మని చప్పుడైతే చాలు, అందరి గుండెలూ ఒకేసారి జారతాయి. ఆ భయం ఉత్తిది కాదు. ప్రపంచంలో ఏటా 6 లక్షల 84 వేల మంది పడిపోవడం వల్లే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అరవై దాటినవాళ్లే ఎక్కువ.

రేపల్లెలో ఓ పెద్దావిడ బాత్‌రూమ్ దగ్గర జారిపడింది. ఎముక విరగలేదు కానీ ధైర్యం విరిగింది. బాపట్లలో మనవరాలి పెళ్లికి వెళ్లాలంటే తెనాలిలో రైలు మారాలి. ‘ఆ వంతెన మెట్లు నావల్ల కాదు, అక్షింతలు ఇక్కణ్ణుంచే వేస్తాను’ అనేసింది. అసలు చిక్కు ఇదే. పడతామన్న భయంతో కదలడం మానేస్తే కాళ్లలో బలం తగ్గుతుంది. అప్పుడు నిజంగానే పడతారు.

ఫిజియోథెరపిస్టు వ్యాయామాలతో పాటు ఇంకో పనీ అప్పగించాడు. ‘అమ్మా, కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని ఆ మెట్లెక్కండి.’

‘కూర్చుని ఎక్కడమేంటి నాయనా!’ అని ఆవిడ నవ్వేసింది.

కానీ నవ్వి వదిలేసేదేం కాదు. 1992లో యూ, కోల్ అనే పరిశోధకులు కొందరిని చిటికెన వేలి కండరం బిగించినట్టు ఊహించుకోమన్నారు. నాలుగు వారాల్లో వేలి బలం 22 శాతం పెరిగింది. నిజంగా బిగించినవాళ్లకు పెరిగింది 30 శాతం. మెదడు ఆజ్ఞలివ్వడంలో ఆరితేరుతుందన్నమాట. నాటకాల ఊరు తెనాలికి ఇదేం కొత్త? తెర లేవకముందే వేషమంతా మనసులో ఆడేసుకున్న నటులెందరో!

అయితే పద్ధతి ఉంది. తనను తాను సినిమాలో చూసినట్టు చూడకూడదు. కమ్మీ చల్లదనం చేతికి తగలాలి, బరువు ఒక కాలి మీద నుంచి రెండో కాలి మీదకు మారడం తెలియాలి. నిజంగా ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో ఊహలోనూ అంతే పట్టాలి. పడిపోయినట్టు మాత్రం అనుకోకూడదు.

ఊహ ఒక్కటే చాలదు సుమా. 2019లో వచ్చిన కోక్రేన్ సమీక్ష ప్రకారం వ్యాయామంతో పడిపోవడాలు 23 శాతం దాకా తగ్గుతాయి. అసలు మందు అదే, ఊహ దానికి తోడు. కంటి పరీక్ష, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికో కమ్మీ, తల తిప్పే బీపీ మాత్రల గురించి డాక్టరుతో ఓ మాట... ఇవీ ఉండాల్సిందే.

వారం తిరిగేసరికి బాపట్ల కూతురికి ఫోనొచ్చింది. ‘మీ బాత్‌రూమ్ గడప ఎత్తెంతే? తలుపు లోపలికా, బయటికా? లైటు స్విచ్చి ఏ పక్క?’