తీగకు జ్ఞాపకమా, సంస్కారమా?

మార్కాపురం అనగానే పలకలు గుర్తుకు వస్తాయి. ఆ నల్లరాతిపై వ్రాసినది తడిగుడ్డతో తుడిస్తే చాలు, పలక సర్వమూ మరచిపోతుంది. మరచిపోని లోహమొకటి ఉన్నదంటూ మా అబ్బాయి జానెడు తీగ తెచ్చి ఇచ్చాడు. పేరు నిటినాల్, నికెలు, టైటానియం పరమాణువులు ఇంచుమించు సమసంఖ్యలో కలిసిన మిశ్రమలోహం. 1959లో అమెరికా నౌకాదళ ఆయుధ పరిశోధనశాలలో విలియం బ్యూలర్ దీనిని పరిశీలించడం మొదలుపెట్టాడు. 1961లో ఒక సమావేశంలో, మడతలు పెట్టిన దీని రేకుకు డేవిడ్ మజ్జీ అనే ఆయన చుట్టపు గొట్టం వెలిగించుకొనే లైటరు మంట చూపితే, అది తనంత తాను చాచుకొన్నదట.

గిద్దలూరు దారిలోని ఒక పల్లె బడిలో పిల్లల ముందు మూడు తీగలు పెట్టాను. సైకిలు పుల్లను కాస్త వంచి వదిలితే వెంటనే నిటారైంది. బైండింగు తీగ వంచినట్లే ఉండిపోయింది. మూడవదానిని ఒక పిల్లవాడు 'ర' అక్షరంగా వంచాడు.

"ఇది కూడా బైండింగు తీగే సార్!"

పట్టకారుతో పట్టి వేడినీళ్లలో ముంచాను. 'ర' విప్పుకొని గీత అయిపోయింది. ఒక్క క్షణం ఎవరికీ మాట లేదు. తరువాత అందరి నోటా "మళ్లీ, మళ్లీ" అన్నదే.

చల్లగా ఉన్నంతసేపు లోపలి పరమాణువుల వరుసలు బంధాలు తెగకుండా పక్కకు ఒరిగి వంపుకు ఒదుగుతాయి. వేడి తగిలితే మునుపటి అమరికకు వస్తాయి. కొత్త రూపం నేర్పాలంటే ఆ రూపంలో బిగించి సుమారు 500 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచాలి. అది పిల్లల చేత చేయించే పని కాదు.

దీనిని జ్ఞాపకం అనవచ్చునా అన్నది నా పండితపు సందేహం. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో సంస్కారాన్ని వేగము, భావన, స్థితిస్థాపకము అని మూడు విధాలుగా చెప్పాడు. స్మృతికి హేతువైన భావన ఆత్మకే పరిమితం. చుట్టిన చాప మళ్లీ పరచుకోవడం వంటిది స్థితిస్థాపకం; సైకిలు పుల్ల అందులో చక్కగా ఇముడుతుంది. నిటినాల్ మాత్రం వదిలినా కదలదు, వేడి కోసం కాచుకొని ఉంటుంది. మనుషుల స్మృతికైనా ఉద్బోధకం ఒకటి కావాలి కదా!

పద్యాలు నిలవవని పేరుపడ్డ ఒక బాలిక వెనుక వరుసలోంచి అన్నది: "వేన్నీళ్లు తగలకముందు అడిగితే అది కూడా నాలాగే ఏమీ చెప్పదు సార్."

ఎవరూ నవ్వలేదు. ఆమెకు రాదన్న పద్యం ఏదో అడిగి, మొదటి మాట అందించాను. మూడు పాదాలు చెప్పింది; నాలుగవది రాలేదు. అప్పటికి గిన్నెలో నీళ్లు చల్లారాయి. తీగ వంచే వంతు ఆమెదని చెప్పి, మరో చెంబు వేన్నీళ్లకు మనిషిని పంపాము.