రక్తస్రావం తరువాత జ్వరం: న్యూరో ఐసీయూలో ఒక పూట

మెదడులో రక్తస్రావమైన రోగులకు తొలి రోజుల్లో జ్వరం రావడం మామూలే. అలాగని తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే మెదడుకు కావలసిన ఆక్సిజన్ సుమారు 10 శాతం దాకా పెరుగుతుంది. గాయపడిన కణాలు ఆ భారాన్ని మోయలేవు. వాపు, పుర్రె లోపలి ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉంటుంది.

హైదరాబాదులో నేను చూసిన న్యూరో ఐసీయూలో ప్రతి మంచం దగ్గరా ఒక చార్టు ఉంది. బీపీ, షుగరు, కంటిపాపల పరిమాణం రాసే గళ్ల పక్కనే టెంపరేచర్ గడి. ఇక్కడ హద్దు 37.5 డిగ్రీలు, అంటే 99.5 ఫారన్‌హీట్. ఇళ్లలో నూరు దాటితే గాని జ్వరమనుకోరు. ఇక్కడ అంతకు ముందే సిస్టర్ డాక్టరుకు చెబుతుంది. చంకలో పెట్టిన థర్మామీటరు లోపలి వేడిని తక్కువ చేసి చూపుతుంది. మెదడు వేడి ఆ లోపలి వేడికన్నా కాస్త ఎక్కువగానే ఉంటుంది. హద్దు అంత కింద పెట్టుకోవడం అందుకే సబబు.

పారాసిటమాల్ వెంటనే పడుతుంది. అసలు పని ఆ తరువాతే మొదలవుతుంది: జ్వరం ఎక్కడి నుంచి వచ్చింది? ముందు ఊపిరితిత్తులు చూస్తారు. స్పృహ సరిగా లేని మనిషికి లాలాజలం, కడుపులోది శ్వాసనాళంలోకి దిగి న్యుమోనియా వస్తుంది. తరువాత యూరిన్ క్యాథెటర్, చేతికి పెట్టిన ఐవీ, తలలోంచి నీరు తీసే డ్రెయిన్, కాలి సిరల్లో గడ్డకట్టిన రక్తం. ఫిట్స్ రాకుండా ఇచ్చే ఫెనిటాయిన్ కూడా జ్వరం తెప్పించగలదు. రక్తం, కఫం, మూత్రం కల్చర్‌కు వెళ్లాకే యాంటీబయోటిక్ మొదలుపెట్టడం మంచి పద్ధతి.

ఇవేవీ కాదని తేలితే మిగిలేది సెంట్రల్ ఫీవర్. ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ దెబ్బతినడం వల్ల వచ్చేది ఇది. మెదడు పొరల మధ్య (సబ్‌అరక్నాయిడ్) రక్తస్రావమైనవారిలో, రక్తం మెదడు గదుల్లోకి చేరినవారిలో ఎక్కువ. తరచూ మూడు రోజుల లోపే మొదలై వదలకుండా ఉంటుంది. యాంటీబయోటిక్స్ దీనికి పనిచేయవు.

పెద్దవాళ్లకు పారాసిటమాల్ రోజుకు 4 గ్రాములు మించకూడదు. కాలేయం బాగాలేనివారికి ఇంకా తక్కువ. దానితో దిగకపోతే తడిగుడ్డతో తుడవడం, చల్లని నీరు తిరిగే బ్లాంకెట్. ఇక్కడే పెద్ద చిక్కు వస్తుంది. చల్లబరిస్తే ఒళ్లు వణుకుతుంది. వణికే కండరాలు ఆక్సిజన్‌ను విపరీతంగా ఖర్చుచేస్తాయి. చేసిన మేలంతా పోతుంది. అందుకే సిస్టర్ మెడ మీద, ఛాతీ మీద చెయ్యి వేసి కంపనం ఉందేమో చూస్తుంది. వణుకు తీవ్రతకు 0 నుంచి 3 దాకా అంకె వేస్తుంది. ఒంటిని చల్లబరుస్తూనే అరచేతులకూ పాదాలకూ వెచ్చదనం ఇస్తారు. అప్పటికీ ఆగకపోతే మెగ్నీషియం, ఆపైన మత్తుమందు.

యంత్రం కన్నా ఈ చెయ్యే నమ్మదగినదని అధ్యయనాలు చూస్తే అనిపిస్తుంది. జ్వరం రాకముందే పరికరాలతో చల్లబరిచి చూసిన ఇంట్రెపిడ్ పరిశోధన ఫలితాలు 2024లో వచ్చాయి: జ్వరం తగ్గింది గాని, రోగులు కోలుకోవడంలో తేడా కనిపించలేదు. 2011లో ఆస్ట్రేలియా స్ట్రోక్ యూనిట్ల అధ్యయనం వేరే మాట చెప్పింది. జ్వరం, షుగరు, మింగే శక్తి — ఈ మూడింటినీ నర్సులు ఒక పద్ధతిగా చూసుకున్నచోట 90 రోజుల తరువాత చనిపోయినవారు, ఇతరులపై ఆధారపడాల్సి వచ్చినవారు కలిపి చూస్తే తగ్గారు. భారత్ సహా 10 దేశాల్లో, 7 వేలకు పైగా మెదడు రక్తస్రావ రోగులతో జరిగిన ఇంటరాక్ట్-3 అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. బీపీ, షుగరు, జ్వరం, రక్తాన్ని పలచబరిచే మందుల ప్రభావం కలిపి త్వరగా అదుపు చేస్తే మేలని తేలింది.

మింగే శక్తి పరీక్ష మన ఇళ్లవాళ్లకు అర్థం కావలసిన విషయం. “గొంతు ఎండిపోతోంది సిస్టర్, ఒక్క గుక్క కొబ్బరినీళ్లు పోస్తాం” అని కళ్లనీళ్లతో అడిగేవాళ్లు ప్రతి వార్డులోనూ ఉంటారు. ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ ఆ గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే మర్నాటికి జ్వరం, న్యుమోనియా. పరీక్షలో నెగ్గేదాకా ముక్కులోంచి వేసిన రైల్స్ ట్యూబు ద్వారానే ఆహారం ఇస్తారు. తలవైపు మంచం 30 డిగ్రీలు ఎత్తి ఉంచుతారు, నోరు పూటపూటా శుభ్రం చేస్తారు. అవసరం తీరిన రోజునే యూరిన్ క్యాథెటర్ తీసేస్తారు.