ఏటిగట్టుపై తర్కము

గోదావరి ధవళేశ్వరము దిగువను పాయలుగా చీలి, గౌతమీ వసిష్ఠల నడుమ కోనసీమను పొదువుకొనియున్నది. ఇచ్చటి పల్లెలకు ఏటిగట్టే ప్రాకారము. 1986 ఆగస్టు 16వ తేదీన ధవళేశ్వరముకడ సెకండునకు సుమారు 35 లక్షల ఘనపుటడుగుల నీరు పారినది. అప్పుడు నేను మీ యీడు బాలుడను. రాజోలు ప్రాంతమున వసిష్ఠ యొడ్డున మా యూరు.

ఆ వరదరోజులలో ఒక రాత్రి మా యూరివారు లాంతర్లు పట్టుకొని గట్టును కావలి కాయుచుండిరి. ఇంతలో "సందెవేళ ఎగువను గట్టు తెగినదట!" అను కేక పుట్టినది. అందరును గట్టు విడిచి, పిల్లలకొరకు ఇండ్లవైపు పరుగెత్తసాగిరి. నేనును పరుగెత్తితిని. ఇంతమంది చెప్పుచున్న మాట అబద్ధమగునా యని నాకు తోచినది.

మా వీథిలోని శాస్త్రులుగారు త్రోవకడ్డముగా నిలిచి, "ఎవరు చూచిరి?" అని యడిగిరి. ఒకడు ఇంకొకని చూపెను; అతడు మరియొకని చూపెను. తుదకు అన్ని నోళ్లును ఒక్క పడవవానియొద్దకే చేరినవి. "తెగునేమో యంటిని గాని, తెగినదని నేననలేదు" అని యతడు వాపోయెను.

శాస్త్రులుగారు మమ్ము మురుగుకాలువ యొద్దకు తీసికొనిపోయిరి. "గట్టు తెగలేదు. ఏమన, ఈ కాలువలో ఏటినీరు దిగలేదు. గట్టు తెగినచోట, ఈపాటికి దిగువ చేలకు ఎర్రనీరు వచ్చితీరును. వెనుకటి వరదలలో చూచితిమి. ఇందున్నది నల్లని వాననీరే. కావున గట్టు తెగలేదు" అనిరి.

అందరి మనస్సులును కుదుటపడినవి. అప్పుడొక వ్యవసాయకూలి, "అయ్యా, తెగలేదని తేలినది. తెగదని తేలలేదు గదా! గట్టుమీద ఇప్పుడెవరున్నారు?" అనెను. శాస్త్రులుగారు క్షణకాలము ఊరకుండి, "నాకు తోచనిది నీకు తోచినది. పదండి" అనిరి.

గట్టు అడుగున, ఊరివైపున, ఒకచోట నీరు బుగ్గవలె ఊరుచుండెను. తేటనీరైనచో కొంత నయము, అది బురదనీరు. అనగా గట్టులోని మన్ను కొట్టుకొనివచ్చుచున్నదన్నమాట. తెల్లవారువరకు ఆడువారును మగవారును ఇసుకబస్తాలు మోసి, బుగ్గచుట్టును కట్ట వేసిరి. ఊరు నిలిచినది. లేని గండికి వెరచి మేము పారిపోయియుండిన, నిజమైన గండి మాకు తెలియకయే పడియుండెడిది.

పిమ్మట శాస్త్రులుగారే నాకు చెప్పిరి. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దిలో తర్కసంగ్రహమును రచించెను. అందు అనుమానమనగా సందేహము కాదు. కనబడు గుర్తునుబట్టి కనబడనిదానిని తెలిసికొనుట. తనకొరకు చేసికొనునది స్వార్థానుమానము. ఎదుటివారికి తెలియజెప్పునది పరార్థానుమానము. దానికి ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము అని ఐదు అవయవములు. కాలువయొద్ద వారు పలికినవి ఆ ఐదు మాటలే.

పదిమంది ఒకే మాటను మోసినంతమాత్రమున అది పదిమంది సాక్ష్యము కాదు. పదిమందియు తలకొక ప్రశ్న వేసినచో, ఒకరి పొరపాటును మరియొకరు దిద్దుదురు. ఆ రాత్రి శాస్త్రులుగారి తర్కమునకు కూలివాని ప్రశ్న తోడుకాకున్నచో మా యూరు మిగిలెడిది కాదు. నేటికిని ఎవరేని ఒక వింతవార్త చెప్పినప్పుడు, నా నోట ముందుగా వచ్చునది ఆనాటి ప్రశ్నయే: "ఎవరు చూచిరి?"