రెండో పట్టా

ఇంటర్ కాగానే పట్టాళంలోకి పోయినోళ్లం మేం, అన్నదమ్ములం ఇద్దరం. 17 ఏళ్ల సర్వీసు చేసి దిగేనాటికి ముప్పయ్ అయిదు నిండుతాయి. డిగ్రీ లేకపోతే ఏ బ్యాంకు గుమ్మం ముందో మళ్లీ తుపాకీ పట్టుకుని నిలబడ్డమే. సాయిబుల పిల్లలకి ఆ మాత్రం చాల్లే అన్నారు ఊళ్లో పెద్దలు. ఆ మాటే మాచేత పుస్తకం పట్టించింది.

తెలుగులో చదువుదామంటే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది గానీ, పరీక్షకి ఊరు రావాలి. సెలవు మన చేతుల్లోదా? 2004లో ఇగ్నో బి.ఎ.కి ఫీజు కట్టాం. అప్పట్లో 96 క్రెడిట్లు, క్రెడిట్‌కి 30 గంటల చదువు, గడువు ఆరేళ్లు. లెక్కేస్తే 2,880 గంటలు! గస్తీ దిగొచ్చాక దీపాలార్పేలోపు మాకు మిగిలేది గంట. అందుకే ఇద్దరం ఒకే సబ్జెక్టులు తీసుకున్నాం. ఒకరి నోట్సు రెండోవాళ్లకి పోస్టులో పోయేది. పోస్టింగు మారకముందే అసైన్‌మెంట్లు పంపేసేవాళ్లం. జూన్‌లో కుదరని పరీక్ష డిసెంబరులో రాసేవాళ్లం. ఇంగ్లీషుతో పడ్డ పాట్లు వేరే కథ.

ఆరో ఏట చిన్నోడికి 8 క్రెడిట్లు మిగిలాయి. పరీక్షనాడు వాడు కొండమీద డ్యూటీలో ఉన్నాడు. మళ్లీ ఫీజు కట్టాం. ఇంటికొచ్చిన ఒక్క పట్టాని అమ్మీ గోడకి కొట్టనివ్వలేదు. రెండోది కూడా రానీ అంది.