ఆటల తిరునాళ్ళు

జర్మనీ దేశమున ఎస్సెన్ అను నగరము కలదు. ఒకప్పుడది బొగ్గుగనులకును, ఉక్కు కర్మాగారములకును పేరుగాంచినది. ఇప్పుడచట ప్రతి సంవత్సరమును అక్టోబరు మాసమున నాలుగు దినములు బల్లమీది ఆటల తిరునాళ్ళు జరుగును. 1983లో ఒక వయోజన విద్యాలయమున చిన్న కూటముగా మొదలైన ఈ ఉత్సవమునకు 2024లో రెండు లక్షలకు పైగా జనులు వచ్చిరి. తల్లిదండ్రులు, తాతలు, అవ్వలు పిల్లలను వెంటబెట్టుకొని వత్తురు. విశాలమైన మందిరములలో బారులు తీర్చిన బల్లలపై క్రొత్త ఆటలు పరచియుండును. ఖాళీ కుర్చీ కనబడినచో ఎవ్వరైనను కూర్చుండి ఆడవచ్చును. నియమములు తెలియనివారికి ఓర్పుతో నేర్పువారు నుందురు.

ఒక యేడు ఈ తిరునాళ్ళకు తెలుగుదేశమునుండి ఒక వృద్ధోపాధ్యాయుడు వచ్చెను. ఆయన కుమారుడు సమీపమునందలి డ్యూసెల్డార్ఫ్ నగరమున ఉద్యోగి. పదియేండ్ల మనుమడు పట్టుపట్టగా ఆయన కాదనలేకపోయెను. ఆట చదువునకు శత్రువని ఆయన నమ్మకము. పూర్వమొకనాడు, పరీక్షల ముందు కుమారుడు అరుగుపై సుద్దతో పులిజూదము గీచి ఆడుచుండగా, ఆయన ఆ గీతలపై నీళ్ళు కుమ్మరించి, చింతగింజలను పెరటిలోనికి విసరివైచెను. బాలుడు ఏడ్వలేదు, కాని తండ్రిని మరెన్నడును ఆటకు పిలువలేదు.

మనుమడు తాతను 'కటాన్' అను ఆట పరచిన బల్లకడకు తీసికొనిపోయెను. కృత్రిమ దంతములు తయారుచేయు వృత్తిలోనున్న క్లౌస్ టాయిబర్ అను జర్మను, తీరిక వేళలలో తన కుటుంబముతో ఆడి చూచుచు, దీనిని కల్పించెను. 1995లో వెలువడి ఇది దేశదేశముల వ్యాపించినది. తాత, తండ్రి, మనుమడు, ముక్కు మొగ మెరుగని ఒక జర్మను అవ్వ, నలుగురును కూర్చుండిరి.

ఈ ఆటలో ఒక దీవియందు బాటలు వేసి, ఇండ్లు కట్టవలెను. అందులకు కలప, ఇటుక, ఉన్ని, ధాన్యము మున్నగునవి చీట్ల రూపమున లభించును. ఉపాధ్యాయుడు ఇటుకల చీట్లను గుప్పిట బిగించి, ఎవ్వరడిగినను ఈయకుండెను. ఇంతలో పాచికలపై ఏడు పడెను. ఏడింటికి మించి చీట్లు దాచినవారు అప్పుడు సగము పోగొట్టుకొనవలెనని నియమము. ఆయన ఎనిమిదింటిలో నాలుగు పోయినవి.

"తాతగారూ, మీయొద్ద ఉన్ని లేదు, అవ్వగారియొద్ద నున్నది. ఇచ్చిపుచ్చుకొననిదే ఈ ఆటలో ఇల్లు లేవదు" అని మనుమడు మెల్లగా చెప్పెను.

ఆయన ఒక ఇటుక చీటిని ముందునకు జరిపెను. అవ్వ నవ్వి ఉన్ని చీటి నిచ్చెను. ఒకరి భాష మరియొకరికి రాదు. అయినను బేరము కుదిరినది. ఆయన రెండుసార్లు పొరపాటు చేసెను. రెండుసార్లును మనుమడు విసుగుకొనక సరిదిద్దెను. ముప్పదియేండ్లు పాఠములు చెప్పిన ఆయనకు ఆ ఓర్పు చూచి సిగ్గు కలిగెను. చివరకు అవ్వ గెలిచెను. ఉపాధ్యాయుడు అందరికంటె వెనుకబడెను. అవ్వ లేచి అందరి చేతులను కలిపి, సంతోషముతో వెడలిపోయెను.

ఆ రాత్రి ఇంట భోజనములైన పిదప, ఉపాధ్యాయుడు తిరునాళ్ళలో ఇచ్చిన పటమును వెనుకకు త్రిప్పి, పెన్సిలుతో గీతలు గీచెను. మూడు పులులకు మూడు నాణెములును, పదునైదు మేకలకు పదునైదు బఠాణీలును తెచ్చి ముందుంచెను.

"నాయనా, ఆనాడు నేను చెరిపినది ఇదియే కదా! రమ్ము, నాతో ఆడుము" అనెను.

కుమారుడు కొంతసేపు ఆ గీతలను చూచుచుండి, "నాకు మేకలు కావలెను, నాన్నగారూ" అని ఎదుట కూర్చుండెను. మనుమడు ఇరువురి నడుమ చేరెను.

బాలలారా! ఆటలో ఓటమి నెరుగుటయు, పొరపాటు నొప్పుకొనుటయు చదువులో భాగములే. ఆ రాత్రి మేకలు పులులను కట్టివైచినవి. ఓడిన తండ్రి మరల కాయలు పేర్చెను.